మే నెలల ఆ ఇంట్ల ఉండేది ఎవరు?

పోయిన వారం మా క్యాంపుల ఒక తమ్ముడు ఫోన్‌ల ఇంటి ప్లాన్ చూపెట్టిండు. వాళ్లది జగిత్యాల దిక్కు. 150 గజాల జాగల గజం విడవకుండ జీ ప్లస్ వన్, పడమటి దిక్కు మొత్తం అద్దాల ఎలివేషన్. "ఎట్లున్నదన్నా?" అన్నడు. "బాగనే ఉన్నది గని, మే నెలల పగటి మూడు గంటలకు ఈ ఇంట్ల ఎవరుంటరు?" అని అడిగిన. "అమ్మ, నాయిన, నా భార్య, పిల్లలు" అన్నడు. అండ్ల తన పేరు లేదు.

ఈ ప్రశ్న నేను 2015ల నన్ను అడుక్కోలే. అందుకే ఈ ముచ్చట.

మాది గూనపెంకల ఇల్లు ఉండె. మూరెడు మందం మట్టి గోడలు. కోతులు పెంకలు ఆగం జేస్తున్నయని, దుబాయి పోయినోని ఇల్లు ఇట్లుంటదా అని నలుగురు అంటున్నరని, కూలగొట్టి రెండంతస్తుల స్లాబు ఏసిన. అప్పు తీరేసరికి ఆరేండ్లు పట్టింది. ఎండకాలం మా అమ్మ కొత్త ఇంట్ల పండలేక బర్ల కొట్టం కింద మంచం ఏసుకున్నది. "ఇల్లు మంచిగనే ఉన్నది బిడ్డా, జర ఉడుకపోస్తది" అన్నది ఫోన్‌ల. అంతకు మించి ఎన్నడూ అనలే.

నాకు తెల్వని పని కాదు, అదే సిగ్గు. ఇక్కడ దుబాయిలో కప్పు మీద ఇన్సులేషన్ లేకుండ విల్లా అప్పజెప్పలేం. షీట్ల నడుమ సందు కనిపిస్తే నేనే విప్పిచ్చి మళ్ల ఏపిస్త. మా దిక్కు మే నడుమ సూర్యుడు సరిగ్గ నెత్తి మీదికొస్తడు. అంటే ఎండ అన్నిటికంటే ఎక్కువ తాకేది కప్పుకు, తర్వాత పడమటి గోడకు. వట్టి స్లాబు పగలంత తాగిన వేడిని రాత్రి ఇంట్లకే ఇడుస్తది. ఫ్యాన్ ఆ వేడినే తిప్పుతది.

సెలవు రోజు బర్ దుబాయిల అల్ ఫహీదీ పాత బస్తీ చూసి రాండ్రి. కరెంటు లేని కాలపు ఇండ్లు. ఇరుకు గల్లీలు, నడుమ వాకిలి, కప్పు మీద గాలిని పట్టి కిందికి దింపే బర్జీలు. మన పాత భవంతి ఇండ్లల్ల గూడ నడుమ వాకిలి, చుట్టూ అర్రలే కద. ఎక్కడి ఎండకు అక్కడోళ్లు కట్టుకున్నరు.

2022ల లీవుకు పోయినప్పుడు పెద్దింటి వెనక పెరట్ల అమ్మ కోసం 60 గజాల ఇల్లు మొదలుపెట్టిన. రెండు అర్రలు, ముందర వరండా. పడమటి దిక్కు పాత యాపచెట్టు. మేస్త్రీ కొట్టేద్దామన్నడు, నేను ఇంటినే పది ఫీట్లు జరిపిన. ఆ గోడకు కిటికీ పెట్టలే. ఉత్తరం, దక్షిణం ఎదురెదురు కిటికీలు. ఎండకాలం వాటిని పగలు మూసుడు, చీకటి పడంగనే తెరుసుడు.

కప్పు దగ్గర లొల్లి అయింది. కోతులున్నయి, పెంకల కప్పు వద్దన్నది అమ్మ. నిజమే. అందుకే ఫిల్లర్ స్లాబు పోసినం. ఇంగ్లండుల పుట్టి కేరళల స్థిరపడ్డ ఆర్కిటెక్టు లారీ బేకర్ ఎన్నో ఇండ్లకు చేసిన పద్ధతి ఇది. స్లాబు కింది భాగంల లాగుడు బలాన్ని ఆపేది సలాకనే, కాంక్రీటు కాదు. అందుకే సలాకల గడులల్ల రెండేసి బెంగుళూరు పెంకలు ఒకదాని మీదొకటి పెట్టి పైన కాంక్రీటు పోస్తరు. పెంకల నడుమ గాలి ఉంటది, కాంక్రీటు తగ్గుతది. మేస్త్రీ భయపడ్డడు. సలాకల లెక్క ఇంజనీరుతోని రాయించినంకనే ముట్టిండు. మీరు గూడ లెక్క లేకుండ పొయ్యకుండ్రి. పైన తెల్ల సున్నం, ఏటా మా తమ్ముడు కొడుతడు.

60 గజాల కప్పు మీద ఒక సెంటీమీటరు వాన పడితే 500 లీటర్లు. పైపేసి బోరు పక్క ఇంకుడు గుంతలకు ఇడిసిన. వంటింటి నీళ్లు అరటిచెట్లకు పోతయి. బాత్‌రూం మాత్రం దూరం పెట్టిన, అది నా తప్పే. రాత్రిపూట కష్టమైతున్నదని అమ్మ ఇంక తిడుతనే ఉంటది. గని ఇప్పుడు బర్ల కొట్టంల పండుతలేదు.

ఆ తమ్ముడు నిన్న ప్లాన్ మళ్ల పంపిండు. పై అంతస్తు అట్లనే ఉన్నది. అద్దాలు మాత్రం పడమటి నుంచి తీసేసిండు. పెరట్ల మామిడిచెట్టు ఉన్నదట, ప్లాన్ల దాన్ని గియ్యనే లేదు. టేపు పెట్టి కొలిపిచ్చి పంపమన్న.