నేల మారితే పత్యం మారాలి



కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల పల్లెల్లో నాడి పట్టి, మందు నూరి ఇచ్చి, పత్యం చెప్పిన పాతకాలపు వైద్యుల స్మృతికి ఈ ఉపన్యాసం. వాళ్ల మొదటి ప్రశ్న ఎప్పుడూ ‘ఏం తిన్నవ్?’ అనే. ఆ ప్రశ్న వెనక ఎంత ఆలోచన ఉందో చెప్పాలంటే ముందు చైనా దాకా వెళ్లాలి.

చైనా వైద్యానికి మూలమైన ‘హువాంగ్‌దీ నైజింగ్’ సుమారు రెండువేల ఏళ్ల నాటిది. అందులో చక్రవర్తి తన వైద్యుడు చీ బోను అడుగుతాడు: ఒకే జబ్బుకు వైద్యులు తలా ఒక తీరున చికిత్స చేస్తారు, అయినా అన్నీ నయమవుతాయి, ఎట్లా? నేల తీరు వల్ల, అంటాడు చీ బో. తూర్పున సముద్రతీరం, చేపలు, ఉప్పు. అక్కడివాళ్లకు కురుపులు లేస్తాయి, రాతి సూదితో కోయాలి. పడమటి ఇసుకనేలల్లో కొవ్వు తిండి. రోగం లోపల పుడుతుంది, మందే తాగించాలి. ఉత్తరాన చలిగాలి, పాల తిండి. కడుపులో చలి చేరుతుంది, మూలిక కాల్చి కాక పెట్టాలి. దక్షిణాన పల్లం, తేమ, పులిసిన తిండి. ఒళ్లు బిగుసుకుపోతుంది, సన్నసూదులు ఆ దిక్కువి. నడిమి దేశంలో నేల చదును, తిండి పలురకాలు, శ్రమ తక్కువ. వాళ్లకు మర్దన, అంగసాధన. ఇవాళ ఆక్యుపంక్చర్ పేరిట ప్రపంచమంతా సాగుతున్న సూదివైద్యం ఆ గ్రంథం లెక్కలో ఒక నేలకు, ఒక తిండికి పుట్టింది. దాన్ని నేర్చుకున్నవాళ్లు కూడా ఈ సంగతి తరచు మరిచిపోతున్నారు.

మన చరకసంహితకు చీనులు తెలుసు. చికిత్సాస్థానం చివరి అధ్యాయంలో బాహ్లికులు, పహ్లవులు, యవనులు, శకులతో పాటు చీనుల పేరూ వస్తుంది. మాంసం, గోధుమ, మద్యం వాళ్ల ఒంటికి అలవాటైనవనీ, ఏ దేశంవాళ్లకు ఏది సాత్మ్యమో చూసుకుని వైద్యం చేయాలనీ అక్కడి మాట. త్రిదోషాలు, యిన్-యాంగ్ ఒకటేనని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. వాటి నిర్మాణం వేరు. కాని రోగి కంటే ముందు రోగి ఊరిని చూడాలన్న పట్టుదల రెండింటిలోనూ ఉంది.

మన ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు నేలను మూడుగా విడదీశాడు. నీళ్లు తక్కువైన జాంగలంలో వాతం హెచ్చు, నీళ్లు నిండిన అనూపంలో కఫం హెచ్చు, సాధారణదేశంలో సమం. కామారెడ్డి, ఎల్లారెడ్డి మెట్టల ఎర్రచెల్కలు జాంగలానికి దగ్గర. తిండీ దానికి తగ్గదే: జొన్నరొట్టె, గట్క, ఎండకాలం అంబలి. 1922లో పోచారం ప్రాజెక్టు పూర్తయింది. 1923లో మొదలైన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఇంజినీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ తలపెట్టిన ఆ పని మంజీర నీళ్లను బాన్సువాడ, బోధన్ దిక్కు మళ్లించింది. వరి, చెరుకు వచ్చాయి. కోస్తా రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. చాలాకాలం తర్వాత కరెంటు బోరు మెట్టకూ వరిని తెచ్చింది. 1983 నాటి రెండు రూపాయల కిలో బియ్యం, పొలంలో వరి లేని ఇంటికీ అన్నం చేర్చింది. ఆకలి తీర్చిన బియ్యాన్ని నేను తప్పు పట్టను. అయితే నేల, తిండి, ఒంటిపని మూడూ రెండు మూడు తరాల్లో మారిపోయినా, పత్యం చెప్పేవాళ్లు మాత్రం తాతలనాటి జాబితానే చదువుతున్నారు.

కాలం మారే సంధిని మన ఊళ్లు బాగా పట్టుకున్నాయి. రోహిణి ఎండలు పోయి మిరుగం (మృగశిర కార్తె) వచ్చిందంటే ఇంటింటా ఇంగువ బెల్లం, చేపల కూర. వానకాలంలో జఠరాగ్ని మందగిస్తుందని ఆయుర్వేదం అంటుంది. తేమ ప్లీహాన్ని కుంగదీసి అరుగుదల చెడగొడుతుందని చైనా వైద్యం అంటుంది. అక్కడ అల్లం, ఇక్కడ ఇంగువ. బెల్లం మార్కెట్‌కు పేరుపడిన కామారెడ్డిలో ఈ ఆచారాన్ని వేరే వివరించనక్కర్లేదు.

మన మెట్టల పాత తిండి గురించి ఇక్కడే ఒక హెచ్చరిక చెప్పాలి, ఎందుకంటే జొన్నను దేవుణ్ని చేస్తున్న రోజులివి. దక్కన్‌లో జొన్న తిని బతికే పేద కూలీల్లో పెలాగ్రా అనే జబ్బు కనబడేది. మెడ చుట్టూ, ముంజేతుల మీద, పిక్కల మీద, ఎండ తగిలినచోటల్లా చర్మం నల్లబడి పొలుసులు రాలేది. విరేచనాలు, మతి చెదరడం తోడయ్యేవి. హైదరాబాద్ పోషకాహార పరిశోధనాలయంలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా దీన్ని పరిశీలించి, జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు ఎక్కువ కావడమే కారణమని 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. ఆ వాదం మీద తర్వాత భేదాభిప్రాయాలు వచ్చాయి. కాని నయాసిన్ అనే విటమిన్ ఇస్తే జబ్బు తగ్గుతుందన్నది నిలిచిన నిజం. చూడండి, తిండి లోపం లోపలిది, ఎండ బయటిది, రెండూ కలిసిన చోటే చర్మం కాలింది. తిండీ వాతావరణమూ దేహంలో కలుస్తాయన్న పాత మాటకు ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు. దాన్ని తేల్చింది మాత్రం ప్రయోగశాల. అందుకే షుగర్ ఉందో లేదో రక్తపరీక్షతోనే తెలుసుకోవాలి, నాడితో కాదు.

ఆ కూలీలకు లోపించింది జొన్న పక్కన ఉండవలసిన పప్పు, పాలు, మాంసం. ఇవాళ అన్నం పళ్లెంలోనూ చాలామందికి లోపిస్తున్నది అదే. 2013 ఆహారభద్రతా చట్టం బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలనూ చేర్చింది. మద్నూర్, జుక్కల్ నల్లరేగళ్లలో పండే జొన్నను అక్కడే కొని, కోరిన కుటుంబాలకు కొంత బియ్యం బదులు ఎల్లారెడ్డి, కామారెడ్డి రేషన్ దుకాణాల్లో ఇవ్వాలని, దానితో పాటు కందిపప్పు తప్పనిసరిగా ఉండాలని ఈ వేదిక మీది నుంచి అధికారులను కోరుతున్నాను.