నీటి బుడగలు, థైరాయిడ్ : ఆడబిడ్డల విషయంలో జరిగే పొరపాట్లు
(మహిళల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇది సభలో మాట్లాడే విషయమేనా అని మాలో కొందరికి సంకోచం కలిగింది. మాట్లాడనందువల్ల జరుగుతున్న నష్టాన్ని చూసి ఆ సంకోచం వదులుకున్నాము. నల్లగొండలోగాని, పాలమూరులోగాని మనవాళ్ళ ఇండ్లలో తరచు వినే మాట ఇది: "బిడ్డ లావెక్కుతుంది, నెలసరి రెండు మూడు నెలలకు గాని రాదు, స్కానింగ్‌ల నీటి బుడగలున్నయన్నరు." పెండ్లయిన పిల్లయితే రెండేండ్లు తిరగకముందే గొడ్రాలన్న నింద, ఆ వెనుకనే రెండో సంబంధం ఊసు!

ఆ బుడగలు గడ్డలు కావు. పక్వానికి రాక ఆగిపోయిన అండాల సంచులు. 1935లో చికాగోలో స్టీన్, లెవెంతాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు స్త్రీలలో ఈ స్థితిని వర్ణించారు. నెలసరి తప్పడం, మగ హార్మోను ఎక్కువ కావడం, స్కానింగ్‌లో బుడగలు కనిపించడం, ఈ మూడింటిలో రెండుంటే పి.సి.ఓ.ఎస్. అనవచ్చునని 2003లో రోటర్‌డామ్‌లో నిపుణులు నిర్ణయించారు. అయితే ముందు థైరాయిడ్ వంటి ఇతర కారణాలు లేవని తేల్చుకోవాలి. ఈ సంగతే చాలాచోట్ల మరుగున పడుతున్నది.

ఎందుకంటే రెండింటి లక్షణాలు కలిసిపోతాయి. బరువు, అలసట, జుట్టు ఊడటం, నెలసరి తప్పడం రెండింటిలోనూ ఉంటాయి. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, మెడ మీద నల్లని మందపు చర్మం మాత్రం పి.సి.ఓ.ఎస్. వైపు చూపుతాయి. ఒకే మనిషిలో రెండూ ఉండటం కూడా అరుదు కాదు.

థైరాయిడ్ గ్రంథి మందగిస్తే మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి టి.ఎస్.హెచ్.ను ఎక్కువగా వదిలి దాన్ని అదిలిస్తుంది. మొండికేసిన ఎద్దును ములుగర్రతో పొడిచినట్లన్నమాట. ఎద్దు నడుస్తూనే ఉంటుంది, అంటే టి4 మామూలుగానే ఉంటుంది, పొడుపులు మాత్రం పెరుగుతాయి. ఇదే స్వల్ప థైరాయిడ్ లోపం. ఇది ఒక్క పరీక్షతో తేలదు. రెండు మూడు నెలలకు మళ్ళీ చూడాలి. టి.ఎస్.హెచ్. పది దాటితే సాధారణంగా మందు ఇస్తారు. అంతకు తక్కువైతే అందరికీ గోళీ అక్కరలేదు. గర్భం కోరుకునేవారి విషయం వేరు, వారికి డాక్టరు త్వరగానే మొదలుపెట్టవచ్చు. గోళీ వాడుతున్న పిల్లకు నెల తప్పితే వెంటనే దవాఖానకు పోవాలి, మోతాదు పెంచవలసి వస్తుంది. "కడుపుతో ఉంది, మందులెందుకు" అని మాన్పించే అత్తగార్లకు ఇది ప్రత్యేకంగా మనవి చేస్తున్నాము.

థైరాయిడ్ గోళీతో పి.సి.ఓ.ఎస్. పోదు. దానికి షుగరు పరీక్ష, నడక, తిండిలో మార్పు వేరే ఉన్నవి. అధిక బరువున్నవారు తమ బరువులో వందకు ఐదు, పది కిలోల లెక్కన తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. మరో సంగతి: పిల్లలు కలగకపోతే భర్తకూ పరీక్ష చేయించాలి. ఈ మాటకు ముందు వరుసలో కూర్చున్నవారు తలలు వంచుకున్నా మాకు చెప్పక తప్పదు.

మన నల్లగొండవాళ్ళు ఫ్లోరైడ్ వల్లనే ఇదంతా అంటారు. ఫ్లోరైడ్ ఎముకలను, పండ్లను చెరిపిందన్నది నిస్సందేహం. థైరాయిడ్ సంగతి ఇంకా వాదంలోనే ఉన్నది. నీళ్ళను తిట్టి ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించడమే దారి. 2021లో రెండు జిల్లా కేంద్రాల్లోనూ ప్రభుత్వ డయాగ్నస్టిక్ కేంద్రాలు తెరిచారు. ముందుగా దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. జుట్టు కోసం బయోటిన్ గోళీలు మింగేవారు ఆ సంగతి ముందే చెప్పాలి, లేకుంటే పరీక్ష ఫలితం తారుమారవుతుంది.

గోళీ పరగడుపున, చాయ్‌కు అరగంట, వీలైతే గంట ముందు నీళ్ళతో వేసుకోవాలి. రక్తానికిచ్చే ఐరన్, కాల్షియం గోళీలు నాలుగు గంటల ఎడంగా ఉండాలి. రంజాన్‌లో మానేయనక్కరలేదు. సహరీకి అరగంట, గంట ముందు లేచి వేసుకోవచ్చు, లేదా ఇఫ్తార్ తర్వాత మూడు నాలుగు గంటలు ఏమీ తినకుండా పడుకునే ముందు వేసుకోవచ్చు. ఏది కుదురుతుందో రంజాన్ రాకముందే డాక్టరును అడిగి పెట్టుకోండి, పాత పరీక్ష కాగితాలు వెంట తీసుకుపోండి.