పదకొండవ సంకేతం

(ప్లాటినం జూబిలీ సభలో చదివిన ప్రసంగ పాఠం)



గంజాం తీరవాసులకు తుఫాను హెచ్చరికలు కొత్త కావు. భారతదేశపు ఓడరేవులలో ఎగురవేసే సంకేతాలు ఒకటి మొదలు పదకొండు వరకు ఉన్నవి. పది వరకు గల అంకెలు రాబోయే ప్రమాదపు తీవ్రతను, దిశను తెలుపుతవి. పదకొండవది వీటన్నిటికీ భిన్నమైనది. హెచ్చరిక కేంద్రంతో సంబంధం తెగిపోయినదనీ, వాతావరణం ప్రమాదకరంగా మారవచ్చునని స్థానికాధికారి తలుస్తున్నాడనీ దాని అర్థం. అనగా, కబురు అందలేదని చెప్పుటకు సైతం ఒక అంకె కేటాయించినారు. కబురు లేకపోవుటను క్షేమమని భావించరాదన్న వివేకం అందులో ఉన్నది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ చెంత తీరం దాటినప్పుడు, హెచ్చరికను నమ్మి ముందే కదలినందున ప్రాణాలు దక్కినవారు అసంఖ్యాకులు.

కంప్యూటరు ప్రోగ్రాములలోనూ ఇట్టి అంకెలే రాకపోకలు సాగిస్తున్నవి. 1972 ప్రాంతంలో బెల్ లేబొరేటరీలో డెన్నిస్ రిచీ రూపొందించిన సీ భాషలో, పని చెడినంతనే దానంతట అది కేకవేసే ఏర్పాటు లేదు. పని అప్పగింపబడిన ఫంక్షను ఒక అంకెను తిరిగి ఇస్తుంది. యూనిక్స్ సంప్రదాయంలో సాధారణంగా సున్న సాఫల్యానికి, మైనస్ ఒకటి వైఫల్యానికి గుర్తు. ఆ అంకెను చూచే బాధ్యత పిలిచిన ప్రోగ్రాముదే. పడుగులో పోగు తెగితే బరంపురం నేతగాడు మగ్గం ఆపి, పోగు అతికిన పిమ్మటనే పేక వేస్తాడు. అంకెను చూడని ప్రోగ్రాము తెగిన పోగుతోనే నేసుకుపోతుంది.

చూచుట ఒక్కటే చాలదు, సరిగా చూడవలె. ఇంటర్నెట్టు వ్యవహారాలకు గోప్యత కల్పించే ఓపెన్ ఎస్ఎస్ఎల్ అను సాఫ్ట్‌వేరులో డిజిటల్ సంతకాన్ని పరీక్షించే ఫంక్షను ఒకటి ఉన్నది. అది మూడు జవాబులు ఇస్తుంది. 1 అయితే సంతకం సరియైనది. 0 అయితే సరికాదు. -1 అయితే పరీక్షే సక్రమంగా జరుగలేదు. దానిని పిలిచిన కొన్ని చోట్ల జవాబు సున్నయా కాదా అని మాత్రమే చూచినారు. -1 సున్న కాదు గనుక, పరీక్షకే అందని వికృత సంతకం సరియైనదిగా చెల్లిపోయే ప్రమాదం ఏర్పడినది. 2009 జనవరిలో ఈ లోపాన్ని ప్రకటించి సరిదిద్దినారు. ఇదే పొరపాటు ఇంటర్నెట్టు చిరునామాలు విప్పే బైండ్‌లోనూ, కంప్యూటర్ల గడియారాలను సరిచేసే ఎన్‌టీపీలోనూ బయటపడినది. పదకొండవ సంకేతాన్ని క్షేమ సంకేతంగా చదివినట్లయినది.

మరొక ఉదాహరణ 2012 డిసెంబరు నాటిది. లైనక్స్ కెర్నెల్‌లో వీడియో పరికరాలకు సంబంధించిన ఒక భాగం, వైఫల్యానికి అంతకుముందు ఇచ్చే అంకెను మార్చి వేరొకటి ఇవ్వసాగినది. పాత అంకెను నమ్ముకొన్న ప్రోగ్రాములు చెడినవి. లైనస్ టోర్వాల్డ్స్ ఆ మార్పును తీవ్రంగా గర్హించి, వాడుకలో ఉన్న ప్రోగ్రాములను చెడగొట్టిన నేరం కెర్నెల్‌దేనని నిర్ద్వంద్వంగా తేల్చినారు.

ఇట్టి మార్పులను సమీక్షించువాని కష్టం ఇక్కడనే ఉన్నది. అతని ముందుకు వచ్చేవి మారిన పంక్తులు మాత్రమే. ప్రమాదం మారని పంక్తులలో దాగి ఉంటుంది. ఒక ఫంక్షను ఇచ్చే అంకె మారినప్పుడు, దానిని పిలిచే ప్రతి చోటును వెదకి చదువవలె. వైఫల్యపు దారిలో మూయవలసిన ఫైలు మూయబడినదా, విడువవలసిన జ్ఞాపకస్థలం విడువబడినదా అని చూడవలె. మొదటి వైఫల్యపు కారణాన్ని తరువాతి పని చెరిపివేయకుండా ముందే భద్రపరచినారా అని అడుగవలె. కావాలని పని చెడగొట్టి, ఫలితాన్ని పరీక్షించవలె. ఎంత పెద్ద మార్పు చేసినవాడైనను, ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుటను చిన్నతనంగా భావించరాదు. అడిగినవాడు శత్రువు కాడు.

తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థులు ఈ వృత్తిలోనికి పోగలరా అని కొందరు తల్లిదండ్రులు శంకిస్తారు. పైన చెప్పిన పరీక్షలలో ఆంగ్లపాండిత్యం కోరునది ఏదియు లేదు. కోరునది నిదానం, అనుమానించే ఓర్పు, తెలియనిదానిని తెలియలేదని చెప్పే ధైర్యం. ఈ మూడును బడిలోనే అలవడుతవి.

ఉపాధ్యాయుడు పాఠం ముగించి "అర్థమైనదా?" అని అడుగుతాడు. అయినదని కొందరు, కాలేదని కొందరు అంటారు. మిగిలినవారు మౌనంగా ఉంటారు. ఆ మౌనాన్ని అంగీకారంగా లెక్కించిన తరగతిలో ఎందరు వెనుకబడినదీ పరీక్షనాడు గాని తెలియదు. మౌనానికి వేరొక అంకె ఉన్నదని గుర్తించి, వెనుక బల్ల దగ్గరకు వెళ్ళి మరొకమారు అడిగే ఉపాధ్యాయులే ఏ పాఠశాలకైనను నిజమైన సంపద.