నాటిన అడవులు: జపాన్, చైనా

మనుషులు మొక్కలు నాటి, లేదా విత్తనాలు చల్లి పెంచినదే నాటిన అడవి. మామిడి తోటలు, ఆయిల్‌పామ్ తోటలు వ్యవసాయం కింద లెక్క కాబట్టి ఇందులోకి రావు. రబ్బరు తోటలు మాత్రం వస్తాయి. 2020 నాటికి ప్రపంచంలోని అడవుల్లో నాటినవి దాదాపు 7 శాతం. ఆయా దేశాలు పంపే వివరాలను ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఒకచోట చేర్చి ప్రకటిస్తుంది.

ఆ లెక్కల ప్రకారం చైనాలో 1990లో నాటిన అడవి 4 కోట్ల హెక్టార్లకు కాస్త పైన ఉండేది. 2020 నాటికి అది సుమారు 8 కోట్ల 47 లక్షల హెక్టార్లయింది. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. జపాన్‌లో 1990లోనూ, 2020లోనూ కోటి హెక్టార్లకు కాస్త పైనే. ఒక దేశంలో నాటిన అడవి దాదాపు రెట్టింపయింది, రెండో దేశంలో ఉన్నచోటే ఉంది. అంతమాత్రాన జపాన్ చెట్లు నాటని దేశం అనుకుంటే పొరపాటు. ఆ పని అక్కడ ఒక తరం ముందే జరిగిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి జపాన్ కొండలు చాలాచోట్ల బోడిగా మిగిలాయి. వర్షానికి మట్టి కొట్టుకుపోయేది, ఇళ్ళు కట్టుకోవడానికి కలప దొరికేది కాదు. 1950 నుంచి ఏటా జాతీయ స్థాయిలో మొక్కలు నాటే ఉత్సవం మొదలైంది. 1970ల దాకా సుగి, హినోకి అనే రెండు జాతుల చెట్లను విస్తారంగా నాటారు. 1964 నాటికి విదేశీ కలపకు తలుపులు తెరుచుకున్నాయి. చవకైన కలప రావడంతో సొంత అడవి గిట్టుబాటు కాలేదు. 2002లో దేశ అవసరాల్లో సొంత కలప వాటా 18.8 శాతానికి పడిపోయింది. నరికేవాళ్ళు తగ్గడంతో చెట్లు ముదురుతూ వచ్చాయి. విస్తీర్ణం పెద్దగా మారకపోయినా, 2017కు ముందరి యాభై ఏళ్ళలో నాటిన అడవుల్లోని కలప పరిమాణం దాదాపు ఆరు రెట్లయింది.

చెట్లు ముదిరిన ప్రభావం ప్రజల ఆరోగ్యం మీదా పడింది. పాతిక, ముప్ఫై ఏళ్ళు వచ్చాక సుగి చెట్టు పుప్పొడిని విపరీతంగా రాలుస్తుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అది గాలిలో కలిసి తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళ దురద తెచ్చిపెడుతుంది. 2019 నాటి ఒక సర్వేలో దాదాపు 39 శాతం మందికి ఈ బాధ ఉందని తేలింది. నాటిన సుగి అడవిని పదేళ్ళలో 20 శాతం తగ్గించి, పుప్పొడి తక్కువ రాల్చే మొక్కలు పెట్టాలని 2023లో ప్రభుత్వం నిర్ణయించింది.

చైనా కథ వేరు. ఎడారి ముందుకు రాకుండా ఈశాన్య, ఉత్తర, వాయవ్య ప్రాంతాల్లో చెట్ల వరుసలు పెంచే పథకం 1978లో మొదలైంది. 2050 దాకా అది సాగాలి. 1998లో యాంగ్జీ నది వరదలు ముంచెత్తాక, మరుసటి ఏడాది నిటారు వాలు పొలాలను అడవిగా మార్చే పథకం వచ్చింది. పొలం వదులుకున్న రైతుకు ధాన్యం, డబ్బు ఇచ్చారు. విస్తీర్ణం పెరగడానికి ఇలాంటి పథకాలే ముఖ్య కారణం. అయితే వానలు తక్కువగా పడే చోట దట్టంగా నాటిన చెట్లు నేలలోని తడిని పీల్చేశాయి. పోప్లార్ అనే చెట్టు ఒక్కటే నాటిన చోట కాండం తొలిచే పురుగు పట్టి తోపులకు తోపులే దెబ్బతిన్నాయి.

రెండు దేశాలను పోల్చేటప్పుడు మొత్తం హెక్టార్లతో పాటు మరికొన్ని చూడాలి. చైనా జపాన్ కంటే దాదాపు 25 రెట్లు పెద్దది. భూభాగంలో నాటిన అడవి వాటా జపాన్‌లో 27 శాతం, చైనాలో 9 శాతం లోపు. తర్వాత చూడాల్సింది చెట్ల వయసు, ఎన్ని జాతులున్నాయన్నది, ఆ నేలకు, అక్కడి వానకు అవి తగినవా కాదా అన్నది. నాటినప్పటి నిర్ణయం మంచిచెడ్డలు ముప్ఫై ఏళ్ళకు గాని బయటపడవు. అందుకే విస్తీర్ణం లెక్కను ఎప్పుడూ కాలంతో కలిపి చదవాలి.