గురకను నవ్వులాటగా తీసుకోవద్దు

(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర మీద, కౌలు కార్డుల మీద మాట్లాడాల్సిన సభలో ఈ గురక గోలేమిటని వెనక కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పులేదు. మన ఊళ్లలో గురకంటే నవ్వులాటే. గురక పెట్టేవాణ్ని కుంభకర్ణుడంటాం, పగలంతా కష్టపడ్డాడు కాబట్టి ఆదమరచి నిద్రపోతున్నాడంటాం. అన్ని గురకలూ అలాంటివి కావు. పెద్దగా గురక పెడుతూ ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయి, కాసేపటికి ఉక్కిరిబిక్కిరై మళ్లీ ఊపిరి అందుకుంటుంటే అది జబ్బు కావచ్చు. డాక్టర్లు దాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. దాని దెబ్బ చివరికి గుండె మీద పడుతుంది.

మెత్తబడిన సక్షన్ పైపు మనందరికీ తెలుసు. మోటారు లాగేకొద్దీ పైపు లోపలికి నొక్కుకుపోతుంది. నీళ్లు రావు, మోటారు మాత్రం మూలుగుతూ తిరుగుతుంది. నిద్రలో గొంతు కండరాలు వదులైనప్పుడు ఇదే జరుగుతుంది. ఛాతీ గాలి కోసం లాగుతుంది, దారి మూసుకుపోతుంది. 10 సెకన్లు, ఆపైన ఊపిరి ఆగితే ఒకసారి ఆగినట్టు లెక్క. గంటకు 30 సార్లు దాటితే జబ్బు ముదిరినట్టే. అంటే రెండు నిమిషాలకోసారి పీక నొక్కి వదిలినట్టు.

కరోనా రోజుల్లో వేలికి తగిలించుకున్న క్లిప్పు గుర్తుంది కదా? అందులో కనిపించే ఆక్సిజన్ అంకె వీళ్లకు రాత్రంతా పడుతూ లేస్తూ ఉంటుంది. పడినప్పుడల్లా మెదడు ఉలిక్కిపడుతుంది. మనిషికి పూర్తిగా మెలకువ రాదు గానీ గుండె దడదడా కొట్టుకుంటుంది, బీపీ ఎగురుతుంది. మామూలుగా నిద్రలో బీపీ పదోవంతుకు పైగా తగ్గి గుండెకు కాస్త విశ్రాంతి దొరకాలి. వీళ్లకు అది దొరకదు. ఏళ్ల తరబడి ఇలా సాగితే పగటి బీపీ కూడా దిగదు. గుండె లయ తప్పడం, గుండె బలహీనపడడం, పక్షవాతం ఇలాంటివారిలో ఎక్కువ. మూడు రకాల మాత్రలు మింగినా బీపీ దారికి రానివాళ్లలో చాలామందికి ఈ జబ్బు ఉంటుంది. ఆ సంగతి చూడకుండా డాక్టర్లను మార్చుకుంటూ తిరిగితే ఏం లాభం?

మనలో ఇది బయటపడకపోవడానికి ఒక కారణం రాత్రి కరెంటు. ఏళ్లకేళ్లు అర్ధరాత్రి లేచి, పాముల మధ్య నడిచి మోటారు వేశాం. అందుకే పగలు కునుకు పడితే నీళ్లు కట్టిన అలసట అనుకుంటాం. పొద్దున్నే తలనొప్పి వస్తే నిన్నటి ఎండ అనుకుంటాం. రాత్రి మూడు నాలుగు సార్లు ఒంటేలుకు లేస్తే షుగరనుకుంటాం. కావచ్చు. కానీ ఈ మూడూ ఈ జబ్బు లక్షణాలే. రాత్రంతా పడుకున్నా ట్రాక్టరు మీద కన్ను మూతపడుతుంటే కరెంటోళ్లను తిట్టి లాభం లేదు.

లావుపాటి మెడ ఉన్నవారికి ఎక్కువ వస్తుంది, సన్నగా ఉన్నవారినీ వదలదు. ముట్లుడిగాక ఆడవాళ్లకూ పెరుగుతుంది, కాకపోతే వాళ్ల గురక మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. తన గురక తనకు తెలియదు కదా, పక్కన పడుకున్నవాళ్లే సాక్షులు. డాక్టరు దగ్గరకు ఒక్కరే పోవద్దు, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుపోండి. సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి వినిపించినా సరే.

ఒక రాత్రి ఒంటికి తీగలు తగిలించి పరీక్ష చేస్తారు. వైద్యానికి సీపాప్ అనే మిషన్ ఉంది. మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు దారి మూసుకోకుండా చూస్తుంది. ఆస్ట్రేలియా డాక్టరు కోలిన్ సల్లివాన్ 1981లో దీన్ని లోకానికి చూపారు. దీంతో పగటి మత్తు పోతుంది, బీపీ కొద్దిగా తగ్గుతుంది. గుండెపోటును ఆపుతుందని మాత్రం మేం చెప్పం. గుండెజబ్బో, పక్షవాతమో ఉన్న సుమారు 2,700 మందిపై జరిగిన అధ్యయనం 2016లో వెలువడింది. అందులో గుండెపోట్లు తగ్గలేదు. వాళ్లు మాస్కు పెట్టుకున్నది కూడా రాత్రికి సగటున మూడు గంటల పైచిలుకే అనుకోండి. మిషన్ కొన్నాం కదా అని బీపీ మాత్రలు మానొద్దు.

ఖర్చులేని పనులూ ఉన్నాయి. బరువు తగ్గడం, వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోవడం. ఒక చుక్క వేసుకుంటే నిద్ర బాగా పడుతుందనే మాట వదిలేయాలి. మందు గొంతును ఇంకా వదులు చేస్తుంది.

మిషన్ వేల రూపాయల మాట. కౌలు కట్టేవాడు ఎక్కడినుంచి తెస్తాడు? 30 ఏళ్లు దాటినవారికి ఊళ్లో బీపీ, షుగర్ చూసే సిబ్బంది గురక గురించి కూడా అడగాలని, జిల్లా ఆసుపత్రిలో ఈ పరీక్ష ఉచితంగా చేయాలని, పేదలకు మిషన్ ఇప్పించాలని కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రంలో చేర్చాం. సంతకాల కాగితాలు బల్ల మీద ఉన్నాయి. భోజనాలకు లేచేముందు పెట్టి వెళ్లండి.