తాతగారి ఊరు ఏ ఏలుబడిలో ఉన్నది?

ముత్తాతగారి పేరు చెప్పమంటే మనలో పెక్కుమంది తడుముకొంటారు. భద్రాచలం మన్యంలోని కోయవారు ఈ పని డోలీలకు అప్పగించినారు. వంశాల పుట్టుకను, ఇంటిపేర్ల క్రమాన్ని వారు పాడి వినిపిస్తారు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగారు అట్టివారు. 2022లో పద్మశ్రీ పొందినారు, 2024లో కన్నుమూసినారు. ఆ కథలు నేర్చినవారు నేడు కొద్దిమందే.

ఇప్పుడు ఫోనులో వెదకుతున్నాము, మంచిదే. కాని తెలంగాణ 'భూభారతి', ఆంధ్రప్రదేశ్ 'మీ భూమి' ముఖ్యంగా నేటి పట్టాదారును చూపుతవి. వెనుకకు పోవలెనంటే ఊరు ఏనాడు ఎవరి ఏలుబడిలో ఉన్నదో తెలియవలెను. భద్రాచలం 1860లో నిజామునుండి ఆంగ్లేయులకు పోయినది; 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో చేరినది; 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చినది. 2014లో పట్టణం తెలంగాణలో నిలువగా, చుట్టుపక్కల పల్లెలెన్నో ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. ఖమ్మం వైపు మాత్రం 1948 దాకా నిజాము రాజ్యమే; అక్కడి పాత కాగితాలు ఉర్దూలో ఎదురైతే బెదరవద్దు. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే మన సంవత్సరం రమారమి దొరుకుతుంది.

ఇది తీరిక వేళల వేడుక అనుకొనరాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం క్రింద, అడవిని నమ్ముకొన్న గిరిజనేతరులు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అనగా 75 ఏండ్లు, అక్కడ నివసించినట్లు చూపవలెను. పాత రికార్డులోని పేరుదాకా సాగిన వంశక్రమము, వ్రాసి ఉంచిన పెద్దల వాఙ్మూలము, రెండును సాక్ష్యములేనని 2008 నాటి నియమాలు చెప్పుతున్నవి.

కనుక మొదట ఇంటి పెద్దల మాటలు ఫోనులో పట్టండి. నాయనమ్మగారి పుట్టింటి ఊరు తప్పక అడగండి. పాత పట్టాలలో ఆడవారి పేర్లు అరుదు. రికార్డుల వెదకులాట ఆ తరువాతనే.