అడిగిన పాట: సుద్దాల హనుమంతు స్మారకోపన్యాసం



‘పల్లెటూరి పిల్లగాడ’ పాట నేను చిన్నప్పుడే విన్నాను. దాన్ని ఒక మనిషి కూర్చుని కట్టాడని మాత్రం చాలా ఏళ్ల దాకా నాకు తెలియదు. బతుకమ్మ పాట ఎవరు కట్టారని అడుగుతామా? నాట్లప్పటి పాట ఎవరిదని అడుగుతామా? ఇదీ అట్లాంటిదే అనుకున్నాను. సుద్దాల హనుమంతు పేరు తెలిసిన రోజున, ఇన్నాళ్లూ ఆయన్ను తలవకుండా ఆయన పాట పాడుకున్నానే అని మనసు నొచ్చుకుంది. ఇవాళ ఆలోచిస్తుంటే మరొకటి తోస్తున్నది. కట్టినవాడి పేరు అవసరం లేకుండానే ఊరు సొంతం చేసుకున్న పాట కంటే కవికి పెద్ద గెలుపు ఏముంటుంది? ఆ గెలుపు ఎట్లా వచ్చిందో మీతో కలిసి వెతకాలని నిలబడ్డాను.

హనుమంతు 20వ శతాబ్దం తొలి పదేళ్లలో పాలడుగులో, నేతపని వాళ్ల ఇంట పుట్టాడు. సుద్దాలలో స్థిరపడ్డాడు. బతుకుదెరువుకు హైదరాబాదు వెళ్లి చిన్న ఉద్యోగం చేశాడు. అక్కడ ఆర్యసమాజం గాలి సోకింది. తలవంచి బతకడం తన వల్ల కాదని తెలుసుకుని ఊరికి తిరిగొచ్చాడు.

తిరిగొచ్చిన ఊళ్లో ఏముంది? వెట్టి ఉంది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఎవరి వృత్తి వాళ్లు దొర గడికి ఊరికే చెయ్యాలి. దొర దగ్గర తెచ్చిన గింజలకు నాగు, అంటే వడ్డీ గింజలు, కలిపి కొలవాలి. అది తీరకపోతే మనిషే భగేలాగా, అంటే వెట్టి జీతగాడిగా, కుదరాలి. తండ్రి అప్పుకు కొడుకు జీతం ఉంటాడు. పలక పట్టాల్సిన చెయ్యి పసుల కట్టె పడుతుంది. అప్పుడు జనగామ తాలూకా కూడా నల్లగొండ జిల్లాలోదే. ఆ తాలూకాలోని విసునూరు దేశ్‌ముఖ్ ఏలుబడి ఎట్లా ఉండేదో ఈ సభలో నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. మీ తాతలు చెప్పే ఉంటారు.

1944లో భువనగిరిలో, రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. అక్కడి నుంచి మహాసభ చదువుకున్నవాళ్ల వేదికగా మిగలలేదు, ఊరి సంగం అయింది. అణా కట్టి చిట్టీ తీసుకుంటారు గనక జనం దాన్ని ‘చిట్టి సంగం’ అన్నారు. ఆ భువనగిరి సభలో పనిచేసిన కార్యకర్తల్లో హనుమంతు ఒకడు. వెనక్కి వచ్చి సుద్దాలలో సంగం పెట్టాడు.

ఇక్కడే ఆయన ముందు ఒక చిక్కు నిలిచింది. సంగం మాట ఊరూరికీ చేరాలి. కరపత్రం వేస్తే చదివేవాళ్లు ఊరికి ఇద్దరో ముగ్గురో. సభ పెడదామంటే గస్తీ నిషాన్ 53 అడ్డం. ఆ ఉత్తర్వు ప్రకారం నిజాం సర్కారు అనుమతి లేకుండా సభ జరపడానికి వీల్లేదు. కానీ గొల్లసుద్దులు చెప్పేవాడు గొంగడి భుజాన వేసుకుని ఊళ్లోకి వస్తే అనుమతి చీటీ ఎవరు అడుగుతారు? ఫకీరు వేషగాడు గడప ముందు నిలబడితే పట్వారీ ఏమని రాసుకుంటాడు? హనుమంతు ఆ దారి పట్టాడు. గొల్లసుద్దులు, బుర్రకథ, ఫకీరు పాట, పగటివేషం, అన్నింట్లోనూ సంగం సంగతి పెట్టాడు. తర్వాత ‘వీర తెలంగాణ’ పేరుతో యక్షగానం రాశాడు. జనం కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. వంత పాడటం వాళ్లకు ముందే వచ్చు. బాణీ వాళ్లదే, భాష వాళ్లదే, వేషం వాళ్లదే. లోపలి మాట ఒక్కటే కొత్తది.

దీన్ని ఎత్తుగడ అని సరిపెట్టుకోలేం. కళారూపాన్ని పైన కప్పుకునే గొంగడిలా వాడుకుని, పని అయిపోగానే పక్కన పడేసినవాళ్లు చాలామంది ఉన్నారు. హనుమంతుకు ఆ రూపాల మీద గౌరవం ఉంది. గొల్లసుద్దుల్లో ఒకడు చెబుతాడు, పక్కవాడు అడ్డం తగిలి అడుగుతాడు. ఆ అడగడంలోనే కథ నడుస్తుంది. అడగడం అనే ఆ గుణం ఆయన పాటల్లోకి ఇంకింది.

‘పల్లెటూరి పిల్లగాడ’ అని పసులగాసే పిల్లవాణ్ని పిలిచే ఆ పాటను మళ్లీ ఒకసారి మనసులో పాడుకోండి. అందులో దొరను తిట్టడం కంటే పిల్లవాణ్ని పలకరించడమే ఎక్కువ. తల్లిపాలు మరిచి ఎన్నాళ్లయిందని అడుగుతాడు. చలికి ఆగని చినిగిన అంగి సంగతి, తల మీద కప్పుకున్న గోనె చింపుకు ఎన్ని చిల్లులున్నాయో లెక్కపెట్టావా అనే సంగతి అడుగుతాడు. జాలిపడి ఊరుకునేవాడు అయ్యో అని పోతాడు. ఈయన చిల్లులు లెక్కపెట్టమంటాడు. లెక్కపెట్టడం మొదలుపెట్టిన పిల్లవాడు గోనె దగ్గర ఆగుతాడా? కొలిచిన గింజల్లో తాలు ఎంతో లెక్కపెడతాడు. తండ్రి అప్పు ఎంతో, ఎన్నేళ్లు చేస్తే తీరిందో లెక్కపెడతాడు. గడిలో ఉన్న లెక్కల పుస్తకానికి ఎదురుగా జీతగాడి నోట్లో ఒక లెక్క పుడుతుంది. అందుకే అది అంత మెత్తగా ఉండి కూడా గడికి గిట్టని పాట అయింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం ఈ దేశంలో 1976లో వచ్చింది. చట్టం చేతికి అప్పుడొచ్చిన ప్రశ్నను ఈ పాట మూడు దశాబ్దాల ముందే అడిగింది.

1946 జూలై 4న కడవెండిలో సంగం కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పోరు గుతుపల నుంచి తుపాకులకు మారింది. ఆ మంటలోనే ఇదే నల్లగొండ గడ్డ మీద బండి యాదగిరి ‘బండెనక బండి కట్టి’ పాట కట్టాడు. యాదగిరి పాట గడి తలుపు మీద గుద్దిన పిడికిలి. హనుమంతు పాట గుడిసె తలుపు తట్టిన చెయ్యి. గుడిసెలో మనిషి లేవకుండా గడి ముందుకు ఎవరొస్తారు? 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. 1951 అక్టోబరులో సాయుధ పోరాట విరమణ జరిగింది. పాటను విరమించమని మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. అది పొలాల్లో, తల్లుల నోళ్లలో ఉండిపోయింది.

1979లో గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ తీసినప్పుడు ఈ రెండు పాటలూ వెండితెరకు ఎక్కాయి. యాదగిరి పాట గద్దర్ గొంతులో, హనుమంతు పాట సంధ్య గొంతులో రాష్ట్రమంతా తిరిగాయి. 1982 అక్టోబర్ 10న హనుమంతు కన్నుమూశాడు. ఆయన కొడుకు సుద్దాల అశోక్ తేజ సినీకవి అయి, ‘ఠాగూర్’ సినిమా పాటకు జాతీయ పురస్కారం అందుకున్నాడు. తల్లిదండ్రులిద్దరినీ తలుచుకుంటూ హనుమంతు-జానకమ్మల పేరిట పురస్కారం ఇస్తున్నాడు. జానకమ్మ పేరు పక్కనే ఉండటం నాకు ఎంతో నచ్చిన సంగతి. పోరు పాటగాడి ఇల్లు నడిపిన ఆడమనిషి కష్టం ఎన్ని సభల్లో తలుస్తాం?

రక్తబంధం లేని వారసులు ఇంకా ఎక్కువమంది. 1944 సభ జరిగిన ఆ భువనగిరిలోనే 1997 మార్చిలో ప్రత్యేక తెలంగాణ కోసం ‘దగాపడ్డ తెలంగాణ’ సభ జరిగింది. ఆ ఊళ్లోనే స్పిన్నింగ్ మిల్లు కూలి బెల్లి లలిత తెలంగాణ కళాసమితి గొంతుగా ఎదిగింది. 1999లో ఆమెను చంపి ముక్కలు చేశారు. పాటకు ఎవరు ఎంత భయపడతారో ఆ చావు చెప్పింది. ఆలేరు నుంచి విమలక్క లేచింది. పాలమూరు గౌరారం నుంచి గోరటి వెంకన్న వచ్చి, పల్లె కన్నీటికి కారణం ఎవరని అడిగాడు. ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు లేబర్ ఇంటి బిడ్డలు ఆ ప్రశ్నను అందుకున్నారు. వెంకన్న ‘వల్లంకి తాళం’ పుస్తకానికి 2021 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఎవరి బాణీ వాళ్లది. అడిగే గుణం మాత్రం సుద్దాల నుంచి పారుతున్న నీరే.

పెద్దలారా, ఒక్క మాటతో ముగిస్తాను. భువనగిరి చుట్టుపక్కల ఇటుక బట్టీలకు ఏటా ఒడిశా నుంచి కుటుంబాలు వస్తాయి. ముందు అడ్వాన్సు తీసుకుని, అది తీరేదాకా మట్టి పిసుకుతాయి. పచ్చి ఇటుకల వరసల మధ్య పిల్లలు కనబడతారు. నిన్నటిదాకా మనం వలస పోయినవాళ్లం. ఇవాళ మన గడ్డకే వలస వచ్చినవాళ్లు వాళ్లు. ఆ పిల్లవాడికి మన పాట తెలియదు, మన భాష రాదు. హనుమంతు ఉంటే ఏం చేసేవాడు? పిల్లవాడి పక్కన కూర్చుని, వాడి భాషలో నాలుగు మాటలు నేర్చుకుని, ఇటుకలు ఎన్నో, కూలి ఎంతో, బడి మానేసి ఎన్నాళ్లయిందో అడిగేవాడు.

ఆయన విగ్రహానికి దండ వేద్దాం. ఇంటికి పోయే తోవలో బట్టీ దగ్గర ఒక్కసారి ఆగి, ఆ పిల్లవాణ్ని పేరేమిటని అడుగుదాం.